ప్రోగ్రామ్ నడుస్తోంది, రాసినవాడికే అర్థం కావట్లేదు: మొదటి ఏడాది ల్యాబ్ ఎలా మార్చాలి?

కొత్త_లెక్చరర్

అందరికీ నమస్కారం. డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకి ప్రోగ్రామింగ్ చెప్తున్నాను. ఈ సెమిస్టర్‌లో ఒక విషయం బాగా ఇబ్బంది పెడుతోంది. ల్యాబ్‌లో ఏ అసైన్‌మెంట్ ఇచ్చినా అందరిదీ నడుస్తోంది. టెస్ట్ కేసులన్నీ పాస్. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పక్కన కూర్చుని "ఈ లైన్ ఎందుకు?" అని అడిగితే మాత్రం బిక్కమొహం వేస్తారు.

మొన్న ఇచ్చిన ప్రశ్న ఇది. వరసగా సంఖ్యలు చదవాలి. 99999 రాగానే ఆపాలి. అప్పటిదాకా వచ్చినవాటి సగటు చెప్పాలి. మైనస్ సంఖ్యలు వస్తే లెక్కలోకి తీసుకోకూడదు. ఒకబ్బాయి ప్రోగ్రామ్ చాలా నీట్‌గా ఉంది. వేరియబుల్ పేర్లు, కామెంట్లు, అన్నీ. చివర్లో "సంఖ్యల లెక్క సున్నా అయితే" అని ఒక షరతు కూడా పెట్టాడు. సంతోషించి, ఇది ఎందుకు పెట్టావు అని అడిగాను.

"అది ఉండాలి సార్."

"తీసేస్తే?"

"సగటు తప్పొస్తుంది సార్."

"ఎప్పుడు?"

"ఎప్పుడైనా సార్."

మొదటి సంఖ్యే 99999 ఇచ్చినప్పుడు, లేదా వచ్చినవన్నీ మైనస్‌లే అయినప్పుడు తప్ప ఆ షరతుకి పనే లేదు. ఆ సంగతి అతనికి తట్టలేదు. కోడ్ ఏఐ టూల్ నుంచి వచ్చిందని వేరే చెప్పక్కర్లేదు. అతన్ని తిట్టాలని లేదు, మార్కులు కోసేయాలనీ లేదు. నేను ల్యాబ్ నడిపే పద్ధతి మార్చాలి అనిపిస్తోంది. ఎలా మారుస్తున్నారో, ఏది పనిచేసిందో చెప్పండి.

బ్యాకెండ్_బావ

పేపర్ మీద పరీక్ష పెట్టండి. ఫోన్లు బయట. సమస్య అక్కడితో క్లోజ్.

సెగ్‌ఫాల్ట్_స్వామి

లెక్చరర్ గారూ, మీకు తెలిసి ఇచ్చారో తెలియక ఇచ్చారో గానీ, మీరిచ్చిన ప్రశ్న మా రంగంలో పాత కాపు. 1980లలో యేల్ యూనివర్సిటీలో ఇలియట్ సోలోవే బృందం ఇలాంటి సగటు ప్రశ్నలతోనే పరిశోధనలు చేసింది. దాన్ని "రెయిన్‌ఫాల్ ప్రాబ్లమ్" అంటారు. సంఖ్యలు వర్షపాతం లెక్కలన్నమాట, అందుకే మైనస్ వదిలేయడం. అప్పుడు ఏఐ లేదు, ఇంటర్నెట్ లేదు, కాపీ కొట్టడానికి పక్క బెంచీవాడు తప్ప ఎవరూ లేరు. అయినా పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న పిల్లల్లో ఎక్కువమంది తప్పే రాశారు.

వాళ్లు 1983లో బయటపెట్టిన ఒక సంగతి నాకు భలే నచ్చుతుంది. పాస్కల్‌లో వైల్ లూప్ (షరతు నిజమైనంతవరకు అవే లైన్లు మళ్లీ మళ్లీ నడవడం) వాడితే, ఒక సంఖ్య లూప్ బయటే చదివి, లోపల దాన్ని లెక్కలో కలిపి, మళ్లీ అక్కడే ఇంకోటి చదవాలి. మనిషి అలా ఆలోచించడు. "చదువు, ఆపాలా చూడు, కలుపు" అనుకుంటాడు. లూప్ మధ్యలోంచి బయటికి వచ్చే వీలు ఇస్తే సరిగ్గా రాసినవాళ్లు పెరిగారు. అంటే కష్టం సగటులో లేదు, సింటాక్స్‌లోనూ (భాష రాత నియమాల్లోనూ) లేదు. నాలుగు చిన్న పనుల్ని (చదవడం, ఆపడం, వదిలేయడం, భాగించడం) ఒకదాన్నొకటి తొక్కకుండా ఒకే లూప్‌లో ఇమడ్చడంలో ఉంది.

ఇంకోటి. 2001లో మెక్‌క్రాకెన్ అనే ఆయన ఆధ్వర్యంలో నాలుగు యూనివర్సిటీల్లో, మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు పూర్తిచేసిన 216 మందికి పరీక్ష పెట్టారు. 110 మార్కులకి సగటు 22.89. టీచర్లే నోరు వెళ్లబెట్టారు. కాబట్టి "ఏఐ వచ్చి పిల్లల్ని పాడుచేసింది" అనే పాట నేను పాడను. అంతకుముందూ అర్థం కాలేదు. ఇప్పుడు అర్థం కాకపోయినా ప్రోగ్రామ్ నడుస్తోంది, తేడా అంతే. అప్పట్లో నడవని ప్రోగ్రామ్ మనకి వాడి పరిస్థితి చెప్పేది. ఇప్పుడు ఆ సిగ్నల్ పోయింది.

ల్యాబ్_అసిస్టెంట్

> పేపర్ మీద పరీక్ష పెట్టండి

బావగారూ, మీరు ఎప్పుడైనా పేపర్ మీద రాసిన కోడ్ దిద్దారా? సెమికోలన్ లేదని అర మార్కు, బ్రాకెట్ మూయలేదని అర మార్కు, చివరికి లాజిక్ చూసే ఓపిక మిగలదు. పైగా ప్రశ్నలు ఎప్పుడూ అవే: ప్యాలిండ్రోమ్ (ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే పదం), ఆర్మ్‌స్ట్రాంగ్ నంబర్, మ్యాట్రిక్స్ గుణకారం. పిల్లలు పద్యాల్లా బట్టీ పట్టేస్తారు. ఒకసారి ప్యాలిండ్రోమ్ ప్రశ్నలో "పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోవద్దు" అని ఒక్క ముక్క చేర్చాం. సగం మంది ఆ ముక్క చదవనట్టే పాత ప్రోగ్రామ్ దించేశారు.

పేపర్ మీద రాయించడం కంటే, పేపర్ మీద చదివించడం మంచిది. కోడ్ మనమే ఇచ్చి, అవుట్‌పుట్ ఏంటో, ఎందుకో చెప్పమనాలి. దిద్దడం కూడా తేలిక.

పాయింటర్_పంతులమ్మ

ల్యాబ్_అసిస్టెంట్ గారు అసలు పాయింట్ పట్టుకున్నారు. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

స్వామిగారు చెప్పిన 2001 ఫలితం చూశాక ఒక అనుమానం వచ్చింది. పిల్లలకి సమస్య విడగొట్టడం రాదా, లేక అంతకంటే కింద మెట్టు దగ్గరే ఆగిపోయారా? 2004లో రేమండ్ లిస్టర్, ఇంకొందరు కలిసి ఏడు దేశాల్లో విద్యార్థులకి చిన్న చిన్న కోడ్ ముక్కలిచ్చి, ఏం జరుగుతుందో చెప్పమన్నారు. రాయక్కర్లేదు, ఇచ్చిన జవాబుల్లో ఒకటి ఎంచుకుంటే చాలు. అక్కడే చాలామంది తడబడ్డారు. అంటే కోడ్‌ని లైన్ వెంట లైన్ మనసులో నడిపించడమే రాలేదు. దాన్ని నడిపించలేనివాడిని "కొత్త ప్రోగ్రామ్ రాయి" అంటే ఏం రాస్తాడు?

మా క్లాసులో మొదటి వారమే ఒక ప్రశ్న ఇస్తాను. ఇంతే:

ఎ = 10
బి = 20
ఎ = బి

ఇప్పుడు ఎ ఎంత, బి ఎంత? మనకి నవ్వొస్తుంది. జవాబులు చూడండి. "ఎ 20, బి 20" అన్నవాళ్లు సరే. కొందరు "ఎ 20, బి 0" అంటారు, బి లోది ఎ లోకి వెళ్లిపోయింది కాబట్టి బి ఖాళీ అని. కొందరు "ఎ 20, బి 10", రెండూ ఒకదాని చోటుకి ఇంకోటి మారాయని. "రెండూ 10" అనేవాళ్లుంటారు, వాళ్లు ఎడమ నుంచి కుడికి చదువుతారు. ఇంకొందరు "ఎ, బి సమానం కావు కాబట్టి ఇది తప్పు" అంటారు. వాళ్లకి అది ఇంకా లెక్కల క్లాసులోని సమీకరణమే. ఏ ఒక్కరూ తెలివితక్కువ వాళ్లు కాదు. ప్రతివాడి బుర్రలో ఒక యంత్రం ఉంది, అది దాని రూల్స్ ప్రకారం చక్కగా పనిచేస్తోంది. మన కంప్యూటర్ రూల్స్ వేరు, అంతే.

దీనికి ఒక పేరుంది, "నోషనల్ మెషీన్". బెనెడిక్ట్ డు బులే 1980ల నాటి నుంచి వాడుతున్న మాట. ఈ భాషలో రాసింది నడిపే ఊహాయంత్రం అని అర్థం చేసుకోండి. మనం సింటాక్స్ చెప్తాం, లైబ్రరీలు చెప్తాం, ఆ యంత్రం గురించి మాత్రం ఎవరూ చెప్పరు. పిల్లాడు ఎవరికి వాడే ఒకటి తయారుచేసుకుంటాడు. రెండో నెలలో లూప్, మూడో నెలలో ఫంక్షన్, నాలుగో నెలలో రికర్షన్ (ఫంక్షన్ తనని తానే పిలుచుకోవడం) అన్నీ ఆ తప్పుడు యంత్రం మీదే కడతాం.

నేను చేసేది సింపుల్. ల్యాబ్ మొదటి పావుగంట కంప్యూటర్ ఆన్ చేయనివ్వను. కాగితం మీద ఒక పట్టిక. పై వరుసలో వేరియబుల్ పేర్లు, పక్కన లైన్ నంబరు. ఒక్కో లైన్ నడిచాక ఏది మారిందో అదే రాయాలి, మారనిది ఖాళీగా వదలాలి. ఆ "ఖాళీగా వదలడం" ముఖ్యం. అన్నీ మళ్లీ మళ్లీ రాస్తే ఏది మారిందో కంటికి ఆనదు. తర్వాత మెషీన్ మీద, కోడ్‌ని ఒక్కో లైన్ నడిపి చూపించే పైథాన్ ట్యూటర్ లాంటి టూల్‌లో పెట్టి, తమ పట్టికతో పోల్చుకుంటారు. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే వాళ్ల బుర్రలోని యంత్రం దొరికిపోతుంది.

మూడో_ఏడాది

స్టూడెంట్‌ని. మాట్లాడొచ్చా?

మొదటి ఏడాదిలో నేనూ ఆ "అది ఉండాలి సార్" బ్యాచే. ఇప్పుడు జూనియర్లకి ల్యాబ్‌లో హెల్ప్ చేస్తున్నాను. మేడమ్ చెప్పిన పట్టిక బాగుంది. కానీ ఏఐ దగ్గరికి ఎందుకు పరిగెడతామో ఎవరూ అడగలేదు. బద్ధకం ఒక్కటే కాదు. ఎర్రర్ మెసేజ్ అంటే టెన్షన్.

ఒక్క బ్రాకెట్ మర్చిపోతే స్క్రీన్ నిండా ఎర్రర్లు. చివరిది కంటికి కనిపిస్తుంది కాబట్టి దాన్ని సరిచేయడం మొదలుపెడతారు. అది అసలు తప్పే కాదు. మొదటిది సరిచేస్తే మిగతావి చాలావరకు వాటంతట అవే పోతాయని మాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు. 40వ లైన్‌లో ఎర్రర్ అంటే తప్పు 39లో ఉండొచ్చని, కంపైలర్ తనకి అర్థం కాకుండా పోయిన చోటు చెప్తుంది తప్ప మనం తప్పు చేసిన చోటు కాదని కూడా చెప్పలేదు. పైథాన్ అయితే రివర్స్, అక్కడ చివరి లైన్ ముందు చదవాలి. ఇది అరగంట క్లాసు సార్. ఎర్రర్ల క్లాసు. కావాలని పది రకాలుగా ప్రోగ్రామ్ పాడుచేసి, ఏ మెసేజ్ వస్తుందో చూడ్డం. మా జూనియర్లతో చేశాం. వాళ్లకి అదో ఆటలా ఉంది.

సార్‌ని పిలిచి అడగడానికి భయం, ఫ్రెండ్‌ని అడిగితే వాడు కోడ్ పంపిస్తాడు. ఏఐ తిట్టదు, నవ్వదు, రాత్రి రెండింటికి కూడా జవాబిస్తుంది. అందుకే వెళ్తారు.

కొత్త_లెక్చరర్

> ఏఐ తిట్టదు, నవ్వదు

ఇది గట్టిగా తగిలింది. థాంక్స్ అమ్మా/తమ్ముడూ, ఎవరైనా సరే.

బ్యాకెండ్_బావ

అందరూ ఒకటి ఒప్పుకోవట్లేదు. ప్రోగ్రామింగ్ కొందరికి వస్తుంది, కొందరికి రాదు. నేను పదేళ్లుగా ఇంటర్వ్యూలు చేస్తున్నాను. రెండు గుంపులు. మధ్యలో ఎవరూ ఉండరు. రానివాళ్లకి పట్టికలు గీయించినా రాదు. ఆ మధ్య ఒక పరిశోధన కూడా చదివాను, కోర్సు మొదలవకముందే చిన్న పరీక్షతో ఎవరు పాసవుతారో చెప్పేయొచ్చని.

సెగ్‌ఫాల్ట్_స్వామి

బావగారు చెప్పేది 2006 నాటి సయీద్ దెహ్నాది, రిచర్డ్ బోర్నాట్‌ల పేపర్. ఆ పరీక్షలో ప్రశ్నలు అచ్చం పైన పంతులమ్మగారు రాసినట్టే ఉంటాయి, "ఎ = బి" తరహావి. ఒంటెకి రెండు మూపురాలన్నట్టు క్లాసులో రెండు గుంపులుంటాయని వాళ్ల వాదన. ఇంటర్నెట్‌లో అది దావానలంలా పాకింది. దాని తర్వాత జరిగింది మాత్రం పాకలేదు. 2014లో బోర్నాట్ స్వయంగా ఆ వాదన వెనక్కి తీసుకుంటున్నానని రాశాడు. ముందే జల్లెడ పట్టే పరీక్ష ఏదీ తమ దగ్గర లేదని తేల్చేశాడు.

రెండు గుంపుల సంగతి కూడా చూద్దాం. 2016లో ఎలిజబెత్ పటిట్సాస్ బృందం ఒక యూనివర్సిటీలోని కంప్యూటర్ సైన్స్ కోర్సుల మార్కుల జాబితాలు 778 తీసుకుని పరిశీలించింది. రెండు శిఖరాల ఆకారానికి దగ్గరగా ఉన్నవి 5.8 శాతమే. ఇంకా తమాషా ఏంటంటే, మామూలు మార్కుల గ్రాఫులు చూపించినా, "పుట్టుకతో రావాలి" అని నమ్మే టీచర్లకి అందులో రెండు గుంపులు కనిపించాయి. మీ ఇంటర్వ్యూల్లోనూ అదే జరుగుతోందేమో చూసుకోండి. కోపగించుకోకండి :)

ఫెయిలయ్యే వాళ్ల లెక్క కూడా మనం అనుకున్నంత ఘోరం కాదు. బెన్నెడ్‌సెన్, కాస్పర్‌సెన్ 2007లో పలు సంస్థల నుంచి సేకరిస్తే మొదటి కోర్సులో తప్పేవాళ్లు సగటున 33 శాతం. 2019లో మళ్లీ చూస్తే 28. తక్కువేం కాదు. "సగానికి సగం పోతారు" అనే మాట మాత్రం మనం స్టాఫ్‌రూమ్‌లో చెప్పుకునే కథ.

బ్యాకెండ్_బావ

కోపం ఎందుకండీ. లింకు చదివి వదిలేశాను, వెనక్కి తీసుకున్నాడని తెలియదు. అయినా ఇంటర్వ్యూల్లో చూసింది చూశాను.

సీ_ప్లస్_శీను

అసలు పైథాన్‌తో మొదలుపెట్టడమే తప్పు. సి నేర్పండి. మెమరీ తెలియకుండా కంప్యూటర్ సైన్స్ ఏంటి?

లూప్_లక్ష్మి

వచ్చిందండీ సి వెర్సస్ పైథాన్. ఎవరైనా జావా కూడా అనేస్తే కోరం పూర్తవుతుంది.

మోడరేటర్

భాషల గొడవకి వేరే థ్రెడ్ ఉంది. అందులో 400 పైచిలుకు కామెంట్లున్నాయి, ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. ఇక్కడ వద్దు. ఆ తర్వాత వచ్చిన తొమ్మిది కామెంట్లు అక్కడికి తరలించాను.

కొత్త_లెక్చరర్

పంతులమ్మ మేడమ్, పట్టిక రేపటి నుంచే మొదలుపెడతాను. నా అసలు ఇబ్బంది మనుషుల లెక్క. బ్యాచ్‌లో 60 మంది, రెండు గంటల ల్యాబ్. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఇలా ప్రశ్నలడిగితే మనిషికి రెండు నిమిషాలు. అందులో హాజరు, కరెంటు, లాగిన్ గొడవలు పోను ఏం మిగులుతుంది? కాపీ పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఉందంటున్నారు, మోస్ లాంటివి. అది వాడితే?

ల్యాబ్_అసిస్టెంట్

మోస్ 1994 నుంచి ఉంది సార్. రెండు ప్రోగ్రాములు ఒకేలా ఉన్నాయా అని చెప్తుంది. ఒకే ప్రశ్నకి ఏఐ నలుగురికి నాలుగు రకాలుగా రాసిస్తే అది ఏం చేస్తుంది పాపం? పైగా మీ ప్రశ్న కాపీ గురించి కాదు కదా, అర్థమైందా లేదా అని. పోలీసు పని మొదలుపెడితే మూడో_ఏడాది చెప్పిన భయం ఇంకాస్త పెరుగుతుంది.

మా దగ్గర చేసేది చెప్తాను. అందరికీ ప్రతి వారం వైవా ఉండదు. వారానికి పది మందికే. ఎవరికి అన్నది ఆ రోజు చీటీ తీస్తేనే తెలుస్తుంది. ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు. అడిగేది ఒకటే రకం: "నీ ప్రోగ్రామ్‌లో ఇక్కడ ఈ చిన్న మార్పు చెయ్యి." వైల్ షరతులో "కంటే తక్కువ" ఉన్నచోట "తక్కువ లేదా సమానం" పెట్టు, నడపకముందే అవుట్‌పుట్ చెప్పు. కోడ్ ఎక్కడి నుంచి తెచ్చాడన్నది మాకు అనవసరం. మార్చగలిగితే అది వాడిదే. ప్రోగ్రామ్‌కి మార్కులు తగ్గించి ఈ మార్పుకి ఎక్కువ పెట్టాం. మూడు వారాల్లో పిల్లలు ల్యాబ్‌కి రాకముందే ఒకరినొకరు "ఈ లైన్ తీసేస్తే?" అని అడుక్కోవడం మొదలుపెట్టారు. మాకు కావాల్సింది అదే.

మిగతా యాభై మంది ఖాళీగా ఉండరు. వాళ్లకి పార్సన్స్ ప్రాబ్లమ్స్ ఇస్తాం. సరైన ప్రోగ్రామ్‌నే లైన్లు విడగొట్టి, కలగాపులగం చేసి ఇవ్వడం. మధ్యలో రెండు పనికిరాని లైన్లు కూడా కలుపుతాం. వాటిని వరుసలో పేర్చాలి. 2006లో డేల్ పార్సన్స్, ప్యాట్రీషియా హేడెన్ మొదలుపెట్టారు. టైపింగ్ లేదు, సెమికోలన్ గొడవ లేదు, బుర్ర మొత్తం వరుస మీదే ఉంటుంది. మీ 99999 ప్రశ్నకి ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది. "లెక్క సున్నా అయితే" అనే లైన్ ఎక్కడ పెట్టాలో ఆలోచించకుండా అది పూర్తి కాదు.

పాయింటర్_పంతులమ్మ

దీనికి తోడు లెక్చర్‌లో పీర్ ఇన్‌స్ట్రక్షన్ కూడా చూడండి. హార్వర్డ్‌లో ఎరిక్ మాజర్ ఫిజిక్స్ క్లాసులో 1990ల మొదట్లో తెచ్చిన పద్ధతి. ఒక ప్రశ్న తెర మీద పెట్టాలి. ఎవరికి వాళ్లు మాట్లాడకుండా ఓటు వేయాలి. జవాబు చెప్పకుండా, పక్కవాళ్లతో రెండు మూడు నిమిషాలు వాదించుకోమనాలి. మళ్లీ ఓటు. ఆ తర్వాతే మనం నోరు విప్పాలి. కంప్యూటర్ సైన్స్ క్లాసుల్లో దీన్ని బెత్ సైమన్, లియో పోర్టర్ లాంటివాళ్లు బాగా వాడారు. వాళ్ల యూనివర్సిటీలో ఈ పద్ధతి వాడిన కోర్సుల్లో ఫెయిలయ్యేవాళ్లు సగానికి పైగా తగ్గారని 2013లో చూపించారు.

కిటుకంతా ప్రశ్నలో ఉంది. అందరికీ వచ్చిన ప్రశ్నకి వాదన ఉండదు, ఎవరికీ రాని ప్రశ్నకీ ఉండదు. మొదటి ఓటులో సగానికి అటూ ఇటూగా సరైన జవాబు రావాలి. ఇంకా, తప్పు ఆప్షన్లు ఉత్తుత్తివి కాకూడదు. "ఎ = బి" ప్రశ్నకి నేను పైన రాసిన తప్పు జవాబులన్నీ పాత బ్యాచ్‌ల పేపర్లలోంచి ఏరినవే. దిద్దేటప్పుడు తప్పు జవాబులు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. అంతకు మించిన టీచింగ్ మెటీరియల్ బయట దొరకదు.

రికర్షన్_రాణి

పట్టిక పద్ధతి బాగుంది గానీ, రికర్షన్ దగ్గర చిరిగిపోతుంది మేడమ్. ఒకే వేరియబుల్ పేరుకి ఒకేసారి ఐదు విలువలుంటాయి. ఆ నిలువు గడిలో ఏది రాయాలి?

నేను కాగితం బదులు మనుషుల్ని వాడతాను. ఫిబొనాచీ ఫంక్షన్ (ముందు రెండు సంఖ్యల మొత్తమే తర్వాతది) తీసుకుంటాం. ఒకమ్మాయి ముందుకొచ్చి "ఫిబ్ 5" చీటీ పట్టుకుంటుంది. ఆమెకి జవాబు తెలియదు. "ఫిబ్ 4" చీటీతో ఇంకొకర్ని పిలుస్తుంది, జవాబు వచ్చేదాకా కదలకుండా నిలబడాలి. ఆ ఇంకొకరు "ఫిబ్ 3" కోసం మరొకర్ని పిలవాలి. ఇలా "ఫిబ్ 1" దాకా వెళ్లి, "1" అని జవాబు చెప్పి ఆ పిల్లాడు కూర్చుంటాడు. ఫంక్షన్ కాల్ అంటే ఏమిటి, తిరిగి రావడం అంటే ఏమిటి, స్టాక్ (జవాబు కోసం ఆగి ఉన్న పిలుపుల దొంతర) ఎందుకు పెరుగుతుంది, ఇవన్నీ వేరే చెప్పక్కర్లేదు. "ఎన్" విలువ ఎవరి చీటీ మీద వాళ్లకే ఉంది కదా.

కాసేపటికి ఎవరో ఒకరు అరుస్తారు: "మేడమ్, ఫిబ్ 3 ఇందాకే చెప్పాంగా, మళ్లీ ఎందుకు?" ఫిబ్ 5కి మొత్తం 15 పిలుపులు. 30కి అయితే 26,92,537. ఆ సంఖ్య బోర్డు మీద రాస్తే క్లాసంతా నిశ్శబ్దం. "ఒకసారి చెప్పింది రాసిపెట్టుకుంటే?" అని వాళ్లే అంటారు. డైనమిక్ ప్రోగ్రామింగ్ అనే పేరు చెప్పడానికి ఇంకా ఏడాది ఉంది, ఆలోచన మాత్రం వచ్చేసింది.

సీ_ప్లస్_శీను

భాష గురించి మాట్లాడను, ప్రామిస్. కానీ ఒక సందేహం నిజంగానే ఉంది. పట్టికలు, ఓట్లు, చీటీలు, పేర్చడాలు... ఇందులో పిల్లాడు ఖాళీ స్క్రీన్ ముందు కూర్చుని మొదటి లైన్ నుంచి రాసేది ఎక్కడ? ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకున్నట్టుంది. నేను నేర్చుకున్నది తప్పులు రాసి, రాత్రంతా డీబగ్ చేసి. ఆ బాధ లేకుండా వస్తుందా?

పాయింటర్_పంతులమ్మ

శీను గారూ, సందేహం న్యాయమైనదే. రాయడం మానేయమని ఎవరూ అనలేదు, వరుస మార్చమంటున్నాం. ఇప్పుడు జరిగేది చూడండి. గంట లెక్చర్, వెంటనే ల్యాబ్‌లో ఖాళీ స్క్రీన్. మధ్యలో మెట్టు లేదు. మీలాంటి పదిమంది ఎగిరి అవతల పడతారు, మిగతావాళ్లు ఏఐని అడుగుతారు. జాన్ స్వెల్లర్ 1980ల నుంచీ చెప్తున్నది ఇదే. కొత్తగా నేర్చుకునేవాడికి పూర్తిగా చేసి చూపిన ఉదాహరణలు, సొంతంగా కొట్టుకోవడం కంటే ఎక్కువ పనిచేస్తాయి. కొంత వచ్చాక అది తిరగబడుతుంది, అప్పుడు ఉదాహరణలే అడ్డం.

మా కోర్సులో ఆరో వారం నుంచి పూర్తిగా సొంత ప్రోగ్రామ్‌లే. ల్యాబ్‌లోనే, నెట్ లేకుండా. చిన్నవి, ఇరవై లైన్లు దాటనివి. రాత్రంతా డీబగ్ చేసిన బాధ మీకు నేర్పింది, ఒప్పుకుంటాను. ఆ బాధతోనే కోర్సు మానేసినవాళ్లు ఈ థ్రెడ్‌లో రాయడానికి ఇక్కడ లేరు.

బ్యాకెండ్_బావ

శీను పక్షం తీసుకుందామనుకున్నాను గానీ, ఉద్యోగంలో నేను రోజంతా చేసేది చదవడమే. రాసేది ఇరవై లైన్లు, దానికి ముందు చదివేది రెండు వేల లైన్లు. ఇప్పుడు ఏఐ రాసింది కూడా చదవాల్సి వస్తోంది కాబట్టి ఇంకా ఎక్కువైంది. కాబట్టి లెక్చరర్ గారూ, ఏఐని నిషేధించకండి. అది రాసినదాన్నే ప్రశ్నపత్రం చేయండి. పది ప్రోగ్రాములు రాయించి, మీరే మూడింటిలో తప్పులు దూర్చి, "ఏ మూడు?" అని అడగండి.

తప్పు పట్టడం చిన్న విషయం కాదని చెప్పడానికి బైనరీ సెర్చ్ (వరుసలో పేర్చిన జాబితాని ప్రతిసారీ సగం చేస్తూ వెతకడం) చూపించండి. మధ్య స్థానం కోసం "మొదలు, చివర కలిపి రెండుతో భాగించు" అని అందరం రాస్తాం. జావా లైబ్రరీలో కూడా అలాగే ఉండేది, ఏళ్ల తరబడి ఎవరూ పట్టుకోలేదు. 2006లో, అది రాసిన జాషువా బ్లాకే బయటపెట్టాడు. జాబితాలో సుమారు 107 కోట్లకు పైగా అంశాలుంటే, ఆ కూడిక 2,147,483,647 (అక్కడ వాడిన పూర్ణసంఖ్యలో పట్టే గరిష్ఠం) దాటి మైనస్‌లోకి పోతుంది. "చివర లోంచి మొదలు తీసేసి, సగం చేసి, మొదలుకి కలుపు" అంటే పోదు. లెక్కల క్లాసులో రెండూ ఒకటే, మెషీన్ మీద కాదు. పంతులమ్మగారి యంత్రం అంటే ఇదేగా?

పాయింటర్_పంతులమ్మ

అదే. మీరు మా వైపు వచ్చేశారు, గమనించారా?

మూడో_ఏడాది

ఒక్క రిక్వెస్ట్ సార్. తప్పులు పట్టే ఆట ఆడితే, మొదటి రెండు వారాలు మార్కులు పెట్టకండి. మార్కులుంటే దాన్ని కూడా ఏఐకే ఇస్తారు. మార్కులు లేకపోతే పక్కవాడితో పోటీ పడతారు.

కొత్త_లెక్చరర్

సరే, మార్కులు ఉండవు. వచ్చే వారం ల్యాబ్ ఇలా అనుకుంటున్నాను. మొదటి పావుగంట కంప్యూటర్లు ఆఫ్, మూడు ప్రశ్నలు, ఓటు, వాదన, మళ్లీ ఓటు. ఆ తర్వాత 99999 ప్రోగ్రామ్ లైన్లు కలిపేసి పేర్చమంటాను. చివర్లో చీటీ తీసి పది మందిని మార్పులు చేయమంటాను. అరగంట ఎర్రర్ల క్లాసు ఆ పై వారం. సిలబస్‌లో రెండు ప్రోగ్రాములు వెనకపడతాయి, హెచ్.ఓ.డి. గారితో నేను మాట్లాడుకుంటాను.

మూడు ప్రశ్నలు ఇవి, చూసి చెప్పండి.

1. ఎ = 10, బి = 20, ఎ = బి, బి = ఎ. ఇప్పుడు రెండూ ఎంత?

2. సంఖ్య = 1. సంఖ్య 100 కంటే తక్కువగా ఉన్నంతవరకు, సంఖ్య = సంఖ్య × 2. లూప్ అయ్యాక సంఖ్య ఎంత?

3. పైథాన్‌లో: వరుస1లో 1, 2, 3 ఉన్నాయి. వరుస2 = వరుస1. తర్వాత వరుస2 చివర 4 చేర్చాం. ఇప్పుడు వరుస1లో ఏముంది?

రికర్షన్_రాణి

రెండోదానికి 64 అనేవాళ్లు బోలెడుమంది ఉంటారు, అది ఆప్షన్లలో తప్పకుండా ఉండాలి. 100 కూడా పెట్టండి.

పాయింటర్_పంతులమ్మ

మూడోది మొదటి వారానికి బరువేమో. మొదటి రెండిట్లో వేరియబుల్ అంటే విలువ దాచే డబ్బా అనుకున్నా జవాబు వచ్చేస్తుంది. మూడోదాంట్లో ఆ డబ్బా పగిలిపోతుంది, రెండు పేర్లూ ఒకే జాబితాని చూపిస్తున్నాయి కాబట్టి. నేనైతే నాలుగో వారంలో అడుగుతాను. అడిగేముందు, అదే ప్రశ్నని ఉత్త సంఖ్యలతో అడిగి ఉండాలి. అప్పుడే రెండిటికీ తేడా ఎందుకొచ్చిందని వాళ్లే గొడవపడతారు.

ల్యాబ్_అసిస్టెంట్

మొదటిదాంట్లో "ఎర్రర్ వస్తుంది" అని కూడా ఒక ఆప్షన్ పెట్టండి సార్. సమీకరణం అనుకునేవాళ్లు దాన్నే ఎంచుకుంటారు, లేకపోతే ఊరికే ఏదో ఒకటి టిక్ పెట్టి తప్పించుకుంటారు. ఓట్ల లెక్క ఇక్కడ పోస్ట్ చేయండి, మా బ్యాచ్‌వి కూడా పెడతాను.